షబానా కుర్చీ

"ఏసీలో పని. నీకేటే కష్టం?" అంది మా అత్త సూర్యకాంతమ్మ, నేను గడప మీద కూలబడి కాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటుంటే.

కోపంగా అన్న మాట కాదది. నిజంగానే అనుకుని అంది. గోపాలపట్నం మార్కెట్లో ఇరవయ్యేళ్ళు ఎండకీ వానకీ కూరగాయలు అమ్మిన మనిషి. ద్వారకానగర్‌లో అద్దాల తలుపుల వెనక, చల్లటి గాలిలో, ఇస్త్రీ చీర కట్టుకుని చీరలు చూపించడం ఆవిడ దృష్టిలో పనే కాదు. నువ్వు ఎండలో అమ్మినా కూకుని అమ్మేవు గదత్తా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అప్పటికే నాకు అదొక రోగంలా తయారైంది. ఎవర్ని చూసినా ముందు వాళ్ళ మొహం చూడను. కూర్చున్నారా, నిలబడ్డారా అని చూస్తాను. బస్సులో కండక్టర్ని, బ్యాంకులో గుమస్తాని, టీవీలో వార్తలు చదివే అమ్మాయిని కూడా అలాగే చూస్తాను.

నా పేరు నూకరత్నం. షోరూంలో రత్నం అంటారు. పొద్దున్న నాలుగున్నరకి కుళాయి వస్తుంది కాబట్టి నా రోజు బిందెల దగ్గర మొదలవుతుంది. అదీ నిలబడే. ఆ తరవాత పొయ్యి గట్టు. బావకి ఓ క్యారేజీ, పిల్లలిద్దరికీ రెండు డబ్బాలు, అత్తకి మెత్తగా ఇంకో కూర. అందరూ తిని లేచాక గిన్నె వంపుకుని, గట్టుకి ఆనుకుని నాలుగు ముద్దలు తింటాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళే బస్సులో ఆ టైముకి సీటు దొరకదు. తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది వరకూ షోరూంలో నిలబడాలి. కస్టమర్లున్నా లేకపోయినా సేల్స్ ఆడవాళ్ళు కూర్చోకూడదని రూలు. సోమవారం మధ్యాహ్నాలు షాపులో ఈగ కూడా ఉండదు. అయినా మేం ఇరవై ముగ్గురం, అరలకి వీపు ఆనకుండా, చేతులు ముందుకి కట్టుకుని నిలబడతాం. కాస్త ఒరిగితే మేనేజర్ ఉదయ్‌కుమార్ కెమెరాలో చూసి వచ్చి, నిటారుగా అన్నట్టు వేలితో సైగ చేస్తాడు. బాత్రూంకి రోజుకి రెండుసార్లు. పుస్తకంలో టైం రాసి వెళ్ళాలి.

"నిలబడ్డమే గదా. బరువులేటైనా మోస్తన్నావా?" అంటాడు మా బావ. ఎల్లారావు నాకు మేనమామ కొడుకు, పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా బావా అనే పిలుస్తాను. పోర్టులో కాంట్రాక్టు కింద పని. అతను నిజంగానే బరువులు మోస్తాడు.

మా అంతస్తులో కస్టమర్ల స్టూళ్ళు తీసేస్తే స్టాఫ్‌లో కుర్చీ ఉన్నది ఒక్కరికే. క్యాష్‌లో కూర్చునే షబానాకి. వన్‌టౌన్ నుంచి వచ్చేది. నాకంటే ఏడేళ్ళు చిన్నది, బీకాం చదివింది, ఐదేళ్ళ కొడుకున్నాడు. మనిషి మంచిది. నన్ను రత్నం అక్కా అని నోరారా పిలిచేది, రంజాన్ నెలలో నాకోసం విడిగా ఖర్జూరాలు దాచి తెచ్చేది. అయినా ఆమె ఆ నల్లటి తిరిగే కుర్చీలో వెనక్కి వాలి, బిల్లు కాగితం వచ్చేలోగా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే నాకు కన్నుకుట్టేది. నడుముకి చిన్న దిండు కూడా ఉండేది. వాళ్ళాయన ఫారూఖ్ కుట్టించి ఇచ్చాడట. అతనికి వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టుంది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి స్కూటర్ మీద వచ్చి, మా షోరూం ఎదురుగా ఫ్లాస్కుతో నిలబడేవాడు. ఒకరోజు నేను వాళ్ళ పక్కనుంచి బస్సుకి పరుగెడుతుంటే అతను అడగడం విన్నాను. "పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నావా? కాళ్ళు పట్టేశాయా?"

ఆ మాట ఇంటిదాకా నాతో వచ్చింది. కూర్చున్నదాని కాళ్ళ గురించి మొగుడు అడుగుతున్నాడు. నా కాళ్ళ గురించి పద్దెనిమిదేళ్ళలో ఒక్కరూ, ఒక్కసారైనా అడగలేదు. బస్సులో రాడ్డు పట్టుకుని ఎన్‌ఏడీ జంక్షన్ దాటేదాకా దాని గురించే ఆలోచించాను. దాని చదువు మీద నాకు ఏడుపు లేదు. దాని రంగు మీద, బట్టల మీద లేదు. ఆ కుర్చీ మీదా, ఆ ప్రశ్న మీదా ఉంది.

తెలీకుండానే ఒక లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాను. షబానా రోజుకి ఎన్నిసార్లు లేస్తుందీ అని. పెద్ద సీసాతో నీళ్ళు తెచ్చుకునేది, తరచుగా తాగేది, కాబట్టి ఐదుసార్లన్నా లేచేది. లేచినప్పుడు తిన్నగా వెళ్ళి రాకుండా, అద్దాల గోడ దాకా రెండడుగులు నడిచి, రోడ్డు చూసి వచ్చేది. మాకు రెండుసార్లు. ఆమెకి ఐదుసార్లు, పైగా కుర్చీ.

మాఘమాసం పెళ్ళిళ్ళ రద్దీలో ఒకరోజు నాకు నెలసరి వచ్చింది. మూడోసారి బాత్రూంకి వెళ్ళబోతుంటే ఉదయ్‌కుమార్ పుస్తకం చూపించి అందరి ముందూ అడ్డుకున్నాడు. "రెండైపోయాయి కదమ్మా. రూలు రూలే. ఒకళ్ళకి వదిలేస్తే అందరూ అడుగుతారు."

నాకు మండిపోయింది. అతనితో దెబ్బలాడాల్సింది. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"మరి క్యాష్‌లో షబానాకి రూలు లేదాండి? రోజుకి ఐదుసార్లు లెగుస్తంది. నాను సూస్తన్నాను."

అతను నన్ను చూశాడు, క్యాష్ వైపు చూశాడు. "సరే, నేను చూస్తాను," అన్నాడు. నన్ను మాత్రం వెళ్ళనివ్వలేదు.

మర్నాడు పుస్తకంలో షబానా పేరుతో కూడా ఒక పేజీ వచ్చింది. రెండుసార్లే, అద్దాల గోడ దాకా నడకలు లేవు. ఆమె మొహం చిన్నబోయింది. ఆ మధ్యాహ్నం నా డబ్బాలో పెరుగన్నం చాలా రుచిగా ఉంది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉంది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, భోజనాల గదిలో షబానా నా పక్కకి వచ్చి సల్వారు కొంచెం పైకి తీసింది. "రత్నం అక్కా, ఈ కాలు చూడు. రెండ్రోజుల్నుంచి ఇలా ఉంది."

ఎడమ కాలు. కుడికాలి కంటే లావుగా ఉంది. చెప్పు పట్టీ దిగిన చోట లోతుగా గాడి పడి, ఎర్రబడి ఉంది. "తొడ దాకా బరువుగా లాగేస్తోంది. పిక్క ముట్టుకుంటే నొప్పి. ఒక్క కాలే ఎందుకిలా?"

నిజం చెప్పాలంటే ఆ కాలు చూడగానే నాకు జాలి వేసింది. కానీ జాలికంటే ముందు ఇంకోటి వచ్చేసింది. "కూకుని కూకుని తిమ్మిరెక్కుంటది. మరి నా కాళ్ళు సూస్తావేటి?" అని చీర కుచ్చిళ్ళు ఎత్తి, నావి రెండూ చూపించాను. చీలమండలు కనపడకుండా వాచి ఉన్నాయి. "నాయి రెండూ ఇలాగే ఉన్నాయి. నీది ఒకటే గదా."

మాలో పెద్దావిడ కాసులమ్మ నవ్వింది. ఇంకో ఇద్దరు నవ్వారు. షబానా కూడా నవ్వబోయి, సల్వారు దించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తానని ఆమె అడిగితే, రద్దీ తగ్గాక వెళ్ళమన్నాడు ఉదయ్‌కుమార్. రద్దీ తగ్గలేదు. సాయంత్రం ఆరింటికి లేవబోయి, లేవలేక, బల్ల పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. దగ్గర ఉన్నది నేనే కాబట్టి నేనే వెళ్ళాను. వంగి చెప్పు విప్పి సల్వారు పైకి తీస్తే ఎడమ కాలు మోకాలి నుంచి పాదం దాకా బిగిసిపోయి ఉంది. వేడిగా ఉంది. రంగు నేరేడు పండులా మారిపోయింది. ఫారూఖ్‌కి నేనే ఫోన్ చేశాను. అతను వచ్చేదాకా ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. అతను ఆమెని ఎత్తుకుని మెట్లు దిగి ఆటోలో కూర్చోబెడుతుంటే మేమంతా పైనుంచి చూశాం. అప్పుడు కూడా, అబద్ధం ఎందుకు, అతను ఎత్తుకున్న తీరు చూసి నా మనసు ఓ పక్క చివుక్కుమంది.

రెండ్రోజులు క్యాష్‌లో ఉదయ్‌కుమారే కూర్చున్నాడు. మూడోరోజు నన్ను పిలిచాడు. "రత్నం, నువ్వు ఇంటర్ చదివావు కదా. బిల్లింగ్ తెలుసా?"

"తెలుసండి."

"అయితే కూర్చో."

కూర్చున్నాను. ఆ మొదటి రోజు సుఖం గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. కుర్చీలో వెనక్కి వాలగానే నడుములోంచి ఏదో ముడి విడిపోయినట్టయింది. మధ్యాహ్నానికి పాదాలు మంటపెట్టడం మానేశాయి. సాయంత్రం బస్సు కోసం నిలబడితే, అది మామూలు మనుషులు నిలబడ్డట్టే అనిపించింది. ఇంటికెళ్ళి చెబితే బావ, "అయితే ఇంకేటి, రాణీగారివి," అని టీవీ సౌండు పెంచాడు. ఆ దిండు ఇంకా అక్కడే ఉంది. షబానా ఏమైందో అని ఆలోచిస్తూనే దాన్ని నా నడుముకి సరిచేసుకున్నాను.

బుధవారం నాకు సెలవు. బత్తాయిలు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్ళాను. షబానా మంచం మీద ఉంది, ఎడమ కాలి కింద రెండు దిళ్ళు. పక్కన స్టూలు మీద వాళ్ళత్తగారు. ఫారూఖ్ బత్తాయి వలిచి తొనలు ఒక్కోటీ ఆమె చేతిలో పెడుతున్నాడు. రక్తం గడ్డకట్టిందని, తొడ నుంచి పొట్ట కింద దాకా గడ్డే ఉందని, మోకాలి వెనక నుంచి గొట్టం పంపి తీశారని అతనే చెప్పాడు. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే మనిషి దక్కేది కాదన్నారట.

"మరి ఎందుకొచ్చింది?" అని అడిగాను.

షబానా దిండు కింద నుంచి ఒక కాగితం తీసింది. డాక్టరమ్మ పెన్నుతో గీసిన బొమ్మ. వెన్నెముక, దాని ముందు ఎర్రగీతలు రెండు, నీలం గీతలు రెండు. "ఇది కుడికాలికి రక్తం తీసుకెళ్ళే ధమని అట అక్కా. ఇది ఎడమకాల్లోంచి రక్తాన్ని గుండెకి తెచ్చే సిర. ధమని సిర మీదుగా పోతుంది. వెనక ఎముక. మధ్యలో సిర నలుగుతుంది. నాకు బాగా నలిగిపోయి సన్నగా అయిపోయిందట. కాల్లోంచి రక్తం పైకి పోలేక, నిలబడిపోయి గడ్డకట్టింది. అందుకే ఒక్క ఎడమ కాలే వాచింది. మే థర్నర్ అని ఏదో పేరు రాశారు. మళ్ళీ నలిగిపోకుండా లోపల స్టెంటు పెట్టారు. గుండెకి పెడతారు చూడు, అలాంటిదే."

"పుట్టుకతోనే ఉందంట," అంది వాళ్ళత్తగారు నాకేసి తిరిగి. "పెళ్ళప్పుడు వాళ్ళమ్మ మాకు ఒక్క మాట చెప్పలేదు."

"కడుపులో నరం ఎలా ఉందో మా అమ్మకేం తెలుస్తుంది అమ్మీ," అంది షబానా అత్తగారితో, నెమ్మదిగా. "చాలామందికి అలాగే ఉంటుందట. ఏమీ కాకుండానే బతికేస్తారట."

ఫారూఖ్ వాళ్ళమ్మని టీ తాగిద్దాం రమ్మని బయటికి తీసుకెళ్ళాడు. వాళ్ళు వెళ్ళాక షబానా గొంతు తగ్గించింది.

"డాక్టరమ్మని నేను అడిగానక్కా. పుట్టుకతో ఉంటే ముప్ఫై ఒక్కేళ్ళూ రానిది ఇప్పుడెందుకొచ్చిందీ అని. మాత్రలేమైనా వాడుతున్నావా అంది. పిల్లలు వద్దని రెండేళ్ళుగా వాడుతున్నా కదా. అదీ ఒక కారణమే అంది. మా ఆయన పక్కనే ఉన్నారు. తల దించుకున్నారు."

నాకు నా ఆపరేషన్ గుర్తొచ్చింది. రెండో కాన్పు తరవాత, ఎవరు చేయించుకోవాలి అన్న మాట వస్తే, "నాను బరువులు మొయ్యాలి గదా," అన్నాడు బావ. అంతటితో అయిపోయింది. ఫ్లాస్కుతో టీ తెచ్చే మొగుడింట్లోనూ, తేని మొగుడింట్లోనూ ఆ పని ఆడదాని ఒంటిమీదకే వచ్చింది.

"ఇంకా?" అన్నాను.

"రోజంతా కదలకుండా కూర్చుంటావా అంది. నీళ్ళు ఎంత తాగుతావు అంది." షబానా నా వైపు తిరిగింది. "మేనేజర్ రోజుకి రెండుసార్లే అని రూలు పెట్టాడు కదా. మధ్యలో వస్తే ఎలాగ అని నీళ్ళు తాగడం మానేశాను. సాయంత్రం ఇంటికెళ్ళేదాకా ఒక్క గుక్క కూడా. నరం ఎలాగూ నలిగుంది, దానికి ఇవన్నీ తోడయ్యాయి, దేని వాటా ఎంతో చెప్పలేం అంది డాక్టరమ్మ. నేను ఎక్కువసార్లు లేస్తున్నానని ఎవరు చెప్పారో ఏమో మేనేజర్‌కి. కెమెరా చూసే వాళ్ళెవరో అయ్యుంటారు."

నేను బత్తాయి తొక్కలు ఏరి కవర్లో వేశాను. మంచినీళ్ళు కావాలా అని అడిగాను. బస్సు టైమవుతోందని లేచి వచ్చేశాను.

ఆ తరవాత కుర్చీ నాకు మునుపటిలా లేదు. ఒట్టి పశ్చాత్తాపం వల్ల అంటే అబద్ధమవుతుంది. కూర్చునే కొద్దీ అదేమిటో తెలిసొచ్చింది. బిల్లుల వరస తెగదు. పక్కన నిలబడి మాట్లాడే తోడు ఉండదు. పదకొండున్నరకి లేవాలనిపిస్తే ఎదురుగా ఎనిమిది మంది కస్టమర్లుంటారు. ఒకరోజు మూడోసారి లేవబోతే ఉదయ్‌కుమార్ నవ్వుతూ అన్నాడు. "క్యాష్‌కి ఆ రూలు పెట్టించింది నువ్వే కదా రత్నం. మర్చిపోయావా?"

మర్నాటి నుంచి నేనూ నీళ్ళు తాగడం తగ్గించాను. తగ్గించానని తెలిసింది కూడా ఓ వారం తరవాతే, మూత్రం మంట పెడితే. కాసులమ్మ దూరం నుంచి నన్ను చూసేది. కళ్ళు మూసుకుంటున్నానా, వెనక్కి వాలుతున్నానా అని. ఆ చూపు ఏమిటో నాకు బాగా తెలుసు.

రెండు నెలలకి షబానా షోరూంకి ఉత్తరం పంపింది. పనిలోకి రావచ్చని డాక్టరు రాసిచ్చారు. రక్తం పల్చబడే మందు వాడుతోంది. గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడవాలి, నీళ్ళు బాగా తాగాలి, కాలికి బిగుతు మేజోడు వేసుకోవాలి. ఆ గంటకోసారి దగ్గరే యజమానులకి కుదరలేదు. వద్దన్నారు. ఫారూఖ్ లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాడు.

అప్పుడు ఉదయ్‌కుమార్ నన్ను లోపలికి పిలిచి టైపు చేసిన ఒక కాగితం ముందు పెట్టాడు. షబానా పనిచేసిన కాలంలో లేవడానికి గానీ, నీళ్ళు తాగడానికి గానీ, బాత్రూంకి వెళ్ళడానికి గానీ ఎటువంటి ఆంక్షలూ లేవు. ఆమె జబ్బు పుట్టుకతో వచ్చినది. కింద నా పేరు.

"పుట్టుకతో వచ్చిందన్నది అబద్ధం కాదు కదా," అన్నాడు. "షబానా పక్కనుండి చూసిన మనిషివి నువ్వు. నీ మాటకి విలువుంటుంది. రేపట్నుంచి క్యాష్ నీదే, పర్మనెంటు. సెలవు రోజు ఆలోచించుకుని గురువారం ఇవ్వు."

ఇంట్లో బావకి చూపించాను. చదివి తిరిగి ఇచ్చాడు. "సంతకవే గదా, ఎట్టీ. కుర్సీ కావాలని ఏడిసేవు, దొరికింది. ఆల గొడవ మనకెందుకు?"

"ఆ రూలు పెట్టించింది నానే బావా," అన్నాను.

"నువ్వా? నువ్వు సెప్తే ఆడు ఇన్నాడా?" అని నవ్వాడు. అతనికి అందులో వింతగా తోచింది నా మాట ఎవరో వినడం ఒక్కటే.

బుధవారం పొద్దున్న, అందరూ వెళ్ళాక, కూతురి నోటుబుక్కులోంచి కాగితాలు చింపి నా చేత్తో రాశాను. రూలు ఉంది. పుస్తకం ఉంది. షబానాకి ఆ రూలు ఫలానా తారీఖున వచ్చింది. అంతకు ముందురోజు ఆమె మీద మేనేజరుకి చెప్పింది నేను. కాలు చూపిస్తే ఎగతాళి చేసింది నేను. డాక్టరు దగ్గరికి వెళ్తానంటే వద్దన్నప్పుడు అక్కడే ఉన్నాను. ఇంటర్ పరీక్షల తరవాత అంత పొడుగు రాయడం అదే. రెండు ప్రతులు రాశాను.

ఒకటి పట్టుకుని వన్‌టౌన్ వెళ్ళాను. షబానా ఒక్కతే ఉంది, పిల్లాడు బడికి వెళ్ళాడు. టీ పెట్టి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితం చేతికిచ్చాను. ఒకసారి చదివింది. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివింది.

"నీకే కదా ఆ రోజు కాలు చూపించాను," అంది.

నేను తల ఊపాను.

"ఎందుకక్కా?"

"నీకు కుర్సీ ఉందని." అంతటితో ఆపేద్దామనుకున్నాను, కానీ ఆగలేదు. "సాయంత్రం మీ ఆయన నీ కాళ్ళ గురించి అడుగుతుంటే ఇన్నాను. నన్ను ఎవులూ అడగలేదు. అంతే. ఇంకేటీ లేదు."

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. నేను క్షమించమని అడగలేదు, అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టవుతుందనిపించింది.

"ఇది ఇస్తే నీ కుర్చీ పోతుంది," అంది చివరికి.

"పోద్ది."

"అయితే ఇవ్వు," అని కాగితం మడతపెట్టి తన దగ్గర ఉంచుకుంది. గుమ్మం దాకా రాలేదు.

గురువారం ఉదయ్‌కుమార్‌కి అతని కాగితం సంతకం లేకుండా ఇచ్చాను. దాంతోపాటు నాది. చదువుతూ చదువుతూ మధ్యలో తలెత్తాడు. "ఇది నీ మీద నువ్వే రాసుకున్నావు, తెలుసా?"

"తెలుసండి."

ఆ గంటలోనే నన్ను పట్టుచీరల వైపు పంపేశాడు. పదిరోజులకి లేబర్ ఆఫీసులో పిలిచారు. అధికారి అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. షబానా తరఫు అర్జీ, నా కాగితమూ, అధికారి షోరూం నుంచి తెప్పించిన బాత్రూం పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూశాక యజమాని తరఫు వాళ్ళు మెత్తబడ్డారు. షబానా తిరిగి పనిలోకి వచ్చింది. గంటకోసారి లేచి అద్దాల గోడ దాకా నడుస్తుంది. కాలికి మేజోడు. నన్ను చూస్తే పలకరిస్తుంది గానీ ఇప్పుడు రత్నం గారూ అంటుంది.

ఆమె నడుస్తుంటే నేను నిలబడిన చోటు నుంచి చూస్తుంటాను. అసూయ పోలేదు. పోయిందని రాస్తే బాగుంటుంది గానీ పోలేదు. ఆ రోజు లేబర్ ఆఫీసులో, అంతా అయిపోయి లేస్తుంటే, ఆ అధికారిని అడిగాను. "మరి మా సంగతేటండి? మేం ఇరవై ముగ్గురం కూకోడానికి లేదు." రాసివ్వమన్నాడు. మాకు స్టూళ్ళు ఇప్పించమని భోజనాల గదిలో రాశాను. నా సంతకం కింద కాసులమ్మ పెట్టింది. సాయంత్రానికి పదకొండైనాయి. మిగతావాళ్ళు భయపడ్డారు. స్టూళ్ళు ఇంకా రాలేదు, వస్తాయో రావో తెలీదు. ఉదయ్‌కుమార్ నాతో మాట్లాడ్డం మానేశాడు. దానివల్ల నాకు నష్టం ఏమీ కనిపించలేదు.

మొన్న ఆదివారం తొందరగా కట్టేస్తే ఏడింటికల్లా ఇల్లు చేరాను. అత్త నులకమంచం మీద ఉంది. పిల్లలు చాప మీద పుస్తకాలు పరుచుకున్నారు. బావ ప్లాస్టిక్ కుర్చీలో టీవీ ముందు. నేను చెప్పులు విప్పుతుండగానే, తల తిప్పకుండా, "ఒచ్చేవా, టీ పెట్టు," అన్నాడు. వంటింటి వైపు రెండడుగులు వేశాను. పాదాలు నిప్పుల మీద ఉన్నట్టున్నాయి. ఇంట్లో ఉన్న నలుగురూ కూర్చునే ఉన్నారు. నేను వెనక్కి వచ్చి అతని పక్కన నిలబడ్డాను. ఏమిటన్నట్టు చూశాడు.

"లెగు బావా," అన్నాను. "నాను కూకుంటాను."